శబ్దవర్ధకంలో హేతుపరీక్ష

శబ్దం ఆకాశగుణమని తార్కికుల సిద్ధాంతం. అది సంయోగం వలన, విభాగం వలన, మరొక శబ్దం వలన పుడుతుందని వారు చెబుతారు. భేరిమీద దండం తాకినప్పుడు పుట్టేది మొదటి విధం, వెదురు చీలినప్పుడు పుట్టేది రెండవది. ఆ మొదటి శబ్దమే చెవిదాకా నడచి రాదు. అది తన పక్కన మరొక శబ్దాన్ని పుట్టించి తాను నశిస్తుంది. ఆ రెండవది మూడవదానిని పుట్టిస్తుంది. అలవెనుక అల పుట్టే తీరు కనుక దీనిని వీచీతరంగన్యాయమన్నారు. తర్కపాఠం ఆరంభించిన విద్యార్థులందరూ ఈ మాట వల్లిస్తారు. కంటికి కనబడేలా దీనికి దగ్గరగా వచ్చే వస్తువు ఒకటి ఉన్నది. అది ట్రాన్సిస్టర్లతో ఇంట్లో కట్టుకోగల శబ్దవర్ధకం, వాడుకమాటలో యాంప్లిఫయర్.

శబ్దవర్ధకమన్న పేరులోనే ఒక భ్రాంతి ఉన్నది. చిన్న శబ్దం లోపలికి వెళ్ళి పెద్దదై బయటికి వస్తున్నదని లోకం భావిస్తుంది. లోపలికి వెళ్ళిన సంకేతం అక్కడే వ్యయమైపోతుంది. స్పీకరును కదిలించే శక్తి దాదాపు అంతా ట్రాన్స్‌ఫార్మర్ వైపునుండి వచ్చినదే. ట్రాన్సిస్టరుకు బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్ళు. బేస్‌లో అల్పమైన విద్యుత్ప్రవాహం ఏ విధంగా హెచ్చి తగ్గుతుందో, కలెక్టరులో దానికి నూరింతలకు పైబడిన ప్రవాహం కూడా ఆ విధంగానే హెచ్చి తగ్గుతుంది. చిన్నది పెరగలేదు, చిన్నదాని ఆకృతిలో వేరొక పెద్దది పుట్టింది.

ఇక్కడ కొందరు ఉత్సాహంతో సాంఖ్యుల పురుషుణ్ణి తెచ్చి కూర్చోబెడతారు. పురుషుని సన్నిధిమాత్రాన ప్రకృతి చలించినట్లే బేస్ సన్నిధిలో కలెక్టర్ చలిస్తున్నదంటారు. వినడానికి బాగుంటుంది కాని నిలవదు. సాంఖ్యులు చెప్పిన దృష్టాంతం అయస్కాంతం. అది తాను కదలకుండా ఇనుమును కదిలిస్తుంది. బేస్ ప్రవాహమో, తానే మారుతుంది, తానే ఖర్చవుతుంది. నిర్వికారుడైన పురుషునికి వికారి అయినదాన్ని పోల్చడం దృష్టాంతదోషం. ఈ యంత్రమే వేదంలో ఉన్నదనేవారి మాట మరీ విచిత్రం. ట్రాన్సిస్టరును 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ అనేవారు మొదట పని చేయించారు. షాక్లీతో కలిపి వారికి 1956లో నోబెల్ పురస్కారం వచ్చింది. వారి కీర్తిని వారికి వదిలివేయడం వలన వేదానికి వచ్చే లోటు ఏమీ లేదు. శాస్త్రం ఇక్కడ ఇచ్చేది యంత్రాన్ని కాదు, యంత్రం పలకనప్పుడు ఆలోచించవలసిన పద్ధతిని.

కోనసీమలో ఒక గృహస్థుకు ఆ పద్ధతి అవసరమైంది. ఆయన తండ్రిగారు తైత్తిరీయశాఖాధ్యాయి. చివరి సంవత్సరాలలో ఆయన పఠించిన అరుణప్రశ్న ఒక క్యాసెట్టులో మిగిలి ఉన్నది. టేప్‌రికార్డరులో టేపు తిరిగే భాగం బాగానే ఉన్నా, స్పీకరుకు శక్తినిచ్చే భాగం కాలిపోయింది. దానికి విడిభాగం దొరకలేదు. ఇంట్లో మనుమడు అప్పుడే స్వరం పట్టుకుంటున్నాడు. గృహస్థు యౌవనంలో రేడియో పని కొంత నేర్చినవారు కనుక, హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీ నుండి విడిభాగాలు తెప్పించి తానే కట్టడానికి పూనుకున్నారు.

ఆ యోజన సామాన్యమైనదే. పద్ధెనిమిది వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, 4700 మైక్రోఫారడ్ల పెద్ద కండెన్సరు. వీటివలన సుమారు 24 వోల్టుల ఏకముఖవిద్యుత్తు. ముందు బీసీ 547, దాని తరువాత బీడీ 139, చివర స్పీకరును మోసే జంటగా టిప్ 41, టిప్ 42. ఆ జంటలో ఒకటి తరంగపు పైభాగాన్ని, రెండవది క్రిందిభాగాన్ని మోస్తాయి.

మొదటిసారి విద్యుత్తు ఇచ్చేటప్పుడు ఆయన నేరుగా ఇవ్వలేదు. ఇంటి కరెంటుకు, ట్రాన్స్‌ఫార్మరుకు మధ్య వరుసలో ఒక 60 వాట్ల పాతరకం బల్బు పెట్టారు. లోపల దోషం లేకుంటే బల్బు క్షణకాలం వెలిగి మందగిస్తుంది. అది మందగించలేదు, నిండుగా వెలిగింది. టిప్ ట్రాన్సిస్టర్ల లోహపు వీపు కలెక్టరుకే అంటి ఉంటుంది. రెండింటినీ అభ్రకపు రేకు లేకుండా ఒకే అల్యూమినియం పలకకు బిగించడం వలన 24 వోల్టులు నేరుగా భూమి తీగకు కలిసిపోయాయి. బల్బు అడ్డు లేకుంటే మొదటి నిమిషంలోనే ఏదో ఒకటి కాలిపోయేది. క్రొత్తగా కట్టేవారెవరైనా ఈ బల్బు లేకుండా స్విచ్ వేయకూడదు.

అభ్రకం వేశాక ధ్వని వచ్చింది. అయితే తండ్రిగారి కంఠం ఎత్తిన చోట స్పష్టంగా ఉండి, పంక్తి చివర శ్వాస తగ్గి అనుదాత్తంలోకి దిగినచోట గరగరమని చీలిపోయింది. వేదపాఠంలో ఇది చిన్న దోషం కాదు. త్వష్ట ప్రయోగించిన ఇంద్రశత్రుశబ్దంలో స్వరం తప్పినందుకు సమాసం మారి వృత్రుడే హతుడైన కథ శిక్షాగ్రంథాలు ఊరకే చెప్పలేదు. పెద్ద ధ్వనిలో లేక చిన్న ధ్వనిలో మాత్రమే దోషం కనబడడమే ఇక్కడ లింగం. ట్రాన్సిస్టరు మేలుకోవడానికి బేస్‌కు, ఎమిటరుకు నడుమ సుమారు 0.6 వోల్టు కావాలి. చివరి జంటను ఎల్లప్పుడూ కొంచెం మేలుకొల్పి ఉంచడానికి వాటి బేస్‌ల నడుమ రెండు డయోడ్లు వేసి 1.2 వోల్టులు నిలుపుతారు. మీటరు పెట్టి చూస్తే అక్కడ 0.6 మాత్రమే ఉన్నది. ఒక డయోడు రెండు కాళ్ళమీదా సోల్డరింగ్ సీసం వెంట్రుకలా సాగి అంటుకున్నది. ఆ కారణంగా ఒకటి నిద్రించి రెండవది ఇంకా లేవని సంధిలో తరంగం తెగిపోతున్నది. పెద్ద తరంగంలో ఆ తెగుదల అణగిపోతుంది. చిన్న తరంగం చాలావరకు సంధిలోనే ఉంటుంది కనుక అది పూర్తిగా పాడవుతుంది. సీసం గీకివేయగానే అనుదాత్తం నిలిచింది.

మిగిలినది హమ్. పఠనం వెనుక ఎడతెగని ఒక మంద్రధ్వని. తార్కికులు చదువవలసిన భాగం ఇదే.

టేపు నుండి వచ్చే తీగను తీసివేసి, యంత్రపు ముఖద్వారాన్ని భూమి తీగకు కలిపారు. హమ్ పోలేదు, కనుక అది టేపుది కాదు. రెండు స్కూటరు బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులిచ్చారు. హమ్ పోయింది, కనుక కారణం ఇంటి కరెంటు వచ్చే దారిలో ఉన్నది. ధ్వని సెకనుకు 100 ఆవృత్తులని గుర్తుపట్టారు. కరెంటుకు 50 ఆవృత్తులు, నాలుగు డయోడ్ల గుండా దాటితే అవి రెట్టింపవుతాయి. ఊరి రేడియో మెకానిక్కు విన్నంతనే, ‘‘కండెన్సరు చచ్చింది పంతులుగారూ, మార్చేయండి’’ అన్నాడు. మార్చారు. హమ్ ఇసుమంత కూడా తగ్గలేదు.

మెకానిక్కు చెప్పినది అనుమానమే, కాని హేతువు సవ్యభిచారం. నూరు ఆవృత్తుల హమ్ కండెన్సరు దోషం ఉన్నచోట ఉంటుంది, అది లేనిచోట కూడా ఉంటుంది. అగ్నిని చూసి పొగను ఊహించడం వంటిది ఇది. కాల్చిన ఇనుపగోళంలో అగ్ని ఉన్నా పొగ లేదు. పొగకు తడికట్టెల సంయోగమనే ఉపాధి కావాలి. ఇక్కడి ఉపాధిని వెదుకుతూ గృహస్థు తీగలను ఒక్కొక్కటిగా అనుసరించారు. డయోడ్ల నుండి కండెన్సరుకు పోయే భూమి తీగ నడుమ, ముఖద్వారపు భూమి తీగ అతికి ఉన్నది. కండెన్సరు నిండేటప్పుడు సెకనుకు నూరుసార్లు బలమైన ప్రవాహం ఆ తీగలో పరుగెత్తుతుంది. తీగకు ఎంత స్వల్పమైన నిరోధమున్నా అక్కడ కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. యంత్రం దానిని కూడా సంకేతమనే భావించి పెంచుతుంది. ఏది మంత్రమో ఏది మలినమో తెలియని జడం అది.

ఆ తీగను విప్పి, కండెన్సరు కాలికి ఆవలివైపు వేరుగా కలిపారు. హమ్ లేదు. అక్కడితో ఆగక మళ్ళీ పాతచోట అతికారు. వచ్చింది. మళ్ళీ మార్చారు. పోయింది. అన్వయమూ వ్యతిరేకమూ రెండూ చూచిన పిమ్మటనే పెట్టెకు మూత బిగించారు. చాలామంది మొదటిసారి పోగానే సంతోషించి లేస్తారు. వదులైన తీగ చేయి తగిలి సర్దుకున్నా హమ్ పోతుంది, మూడు రోజులకు తిరిగి వస్తుంది.

ఇప్పుడు ఆ ఇంట క్యాసెట్టు వినబడుతున్నది. పాణినీయశిక్ష నిందించిన ఆరుగురు పాఠకాధములలో లిఖితపాఠకుడు ఒకడు, అల్పకంఠుడు ఒకడు. యంత్రం రెండవవానికి ఏదో సహాయం చేయగలదు గాని మొదటివానికి చేయలేదు. క్యాసెట్టు పట్టుకుని నేర్చేవాడు లిఖితపాఠకునికి జ్ఞాతియే. ఆ గృహస్థుకూ ఇది తెలుసు. పిల్లవాడు పక్క అగ్రహారంలోని ఒక ఘనపాఠి వద్దకు నిత్యం వెళ్ళి సంథ చెప్పించుకుంటున్నాడు. సాయంకాలం వచ్చి తాతగారి పాఠం వింటాడు. ఒకచోట గురువుగారి దీర్ఘానికి, తాతగారి దీర్ఘానికి తేడా వినబడిందన్నాడు. అది టేపు సాగిన చోటా, సంప్రదాయభేదమా అన్నది ఇంకా తేలలేదు; ఘనపాఠిగారే స్వయంగా వచ్చి వింటానన్నారు.