జంపన్న వాగు నుంచి సముద్రం దాకా



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగితే, సముద్రంలోని ప్లాస్టిక్ గురించి రాస్తానన్నాను. "అన్నా, వరంగల్‌ల సముద్రం ఎక్కడున్నదే?" అని నవ్వారు. నిజమే. నేనూ ఇంతవరకు సముద్రాన్ని కళ్లారా చూడలేదు. కానీ మనం చూడకపోయినా, మనం పారేసింది మాత్రం అక్కడికి చేరుతోంది. ఈ సంగతి నాకు పుస్తకాల కంటే ముందు మా బర్రె చెప్పింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవులకు ఇంటికి పోయాను. బర్రె మూడు రోజులుగా మేత ముట్టడం లేదు. కడుపు ఉబ్బింది. పశువుల డాక్టరు వచ్చేసరికే ఆలస్యమైంది. చనిపోయాక కోసి చూస్తే కడుపులో కవర్ల ముద్ద! మిగిలిన అన్నం, కూర కవర్లో మూటగట్టి గోడ అవతలికి విసిరింది ఎవరో కాదు, మేమే. ఆ బర్రె పాల పైసలతోనే నా బస్సు చార్జీలు, నోటుబుక్కులు వచ్చేవి. "పాలిచ్చిన దానికి మనమే విషం పెట్టినం గదా బిడ్డా" అని అమ్మ ఏడ్చిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మళ్లీ 2024 ఫిబ్రవరిలో డిగ్రీ చదువుతూ, మేడారం జాతర ముగిశాక చెత్త ఏరడానికి వలంటీరుగా వెళ్లాను. భక్తులు పుణ్యస్నానాలు చేసే జంపన్న వాగు ఒడ్డున నీళ్ల ప్యాకెట్లు, గ్లాసులు, బెల్లం తెచ్చిన కవర్లు కుప్పలుగా ఉన్నాయి. పెద్దవన్నీ సంచుల్లోకి ఎత్తాం. కానీ ఇసుకలో చెయ్యి పెడితే గోరంత, గింజంత రంగురంగుల ముక్కలు! వాటిని ఏరడం మా వల్ల కాలేదు. వానాకాలం వస్తే వాగు వాటిని గోదావరికి అప్పగిస్తుంది. గోదావరి భద్రాచలం, రాజమండ్రి దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. సముద్రం మనకు దూరమే గాని, మన వాగుకు దూరం కాదు.

ప్లాస్టిక్ ఆకులాగా కుళ్లి మట్టిలో కలవదు. ఎండకు పెళుసుబారి, అలల రాపిడికి విరిగి చిన్నదవుతుంది. అలా 5 మిల్లీమీటర్ల కంటే చిన్నవైన ముక్కలనే మైక్రోప్లాస్టిక్ అంటారు. 2004లో బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్ బృందం రాసిన పరిశోధనా వ్యాసంతో ఈ మాట లోకానికి బాగా తెలిసింది. కవర్లే కాదు, ఆదివారం నల్లా దగ్గర మనం ఉతికే పాలిస్టర్ బట్టల నుంచి కూడా కంటికి కనిపించని పోగులు ఊడి మోరీలోకి పోతాయి. ఫ్యాక్టరీలకు ముడిసరుకుగా పోయే ప్లాస్టిక్ గుళికలు మరో రకం. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌక తగలబడినప్పుడు, 2025 మేలో కేరళ తీరానికి దగ్గర్లో ఎంఎస్‌సీ ఎల్సా 3 మునిగినప్పుడు ఈ గుళికలు తీరాలకు కొట్టుకొచ్చాయి.

నీటిలో తేలే సూక్ష్మజీవులు, చేపపిల్లలు ఈ ముక్కలను మేత అనుకొని మింగుతాయి. కడుపు నిండుతుంది, బలం మాత్రం రాదు. ఎదుగుదల, సంతానం దెబ్బతింటాయి. చిన్నదాన్ని పెద్దది తింటుంది కాబట్టి ప్లాస్టిక్ కూడా ఒక కడుపు నుంచి మరో కడుపుకు చేరుతుంది. మా బర్రెకు జరిగిందే అక్కడ కంటికి కనిపించకుండా జరుగుతోంది.

చివరికి అది మన కంచంలోకే వస్తుంది. ఎండు రొయ్యలను మనం కడుపుతో సహా తింటాం కదా! మన దేశంలో అమ్మే ఉప్పులోనూ మైక్రోప్లాస్టిక్ ఉందని 2018లో ఐఐటీ బొంబాయి పరిశోధకులు తేల్చారు. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తం పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ కనిపించింది. 2024లో ఇటలీ వైద్యులు, మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వులో ప్లాస్టిక్ ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు ఎక్కువగా కనిపించిందని చెప్పారు. ప్లాస్టికే కారణమని ఇంకా రుజువు కాలేదు. అయినా అది భయపడాల్సిన మాటే.

తప్పంతా పేదవాళ్లదే అంటే నేను ఒప్పుకోను. సీసా కొనే స్తోమత లేకనే కదా మనం రూపాయి షాంపూ ప్యాకెట్ కొనేది! ఆ ప్యాకెట్ తయారుచేసి లాభం తీసుకున్నవాళ్లు, ఖాళీ ప్యాకెట్ బాధ్యత కూడా తీసుకోవాలి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాల వంటి వాటిని ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం కాగితం మీద మాత్రమే ఉంటే లాభం లేదు.

అలాగని మనం చేయగలిగింది లేదనుకోవద్దు. చాయ్ కవర్లో కాకుండా స్టీలు క్యాన్‌లో తెచ్చుకుందాం. మెస్‌లో పాల ప్యాకెట్ మూలను పూర్తిగా ఊడిపోయేలా కోయొద్దు. ఆ చిన్న ముక్కే మోరీ దారి పడుతుంది. మిగిలిన అన్నం కవర్లో కట్టి పారేయొద్దు. ప్లాస్టిక్‌ను కాల్చొద్దు, ఆ పొగ కూడా విషమే.

మా ఇంట్లో మళ్లీ బర్రె ఉంది. అమ్మకు మైక్రోప్లాస్టిక్ అనే మాట తెలియదు. కానీ ఇప్పుడు కుడితి గోళెంలో అన్నం పోసే ముందు చెయ్యి పెట్టి కలిపి, కవరు ముక్క ఏమైనా ఉందేమోనని చూస్తుంది. అమ్మకున్న ఆ జాగ్రత్త, చదువుకున్న మనకు ఉండొద్దా? ఆలోచించండి.

— ఎమ్మెస్సీ జువాలజీ, ద్వితీయ సంవత్సరం, వరంగల్