రోడ్‌సైడ్ పిక్నిక్: దొరికినవాడికెంత, కొన్నవాడికెంత

రెండు రాగి బిళ్ళలు. ఒక్కోటీ టీ సాసరంత ఉంటుంది. రెండింటి మధ్యా అడుగున్నర ఖాళీ. ఆ ఖాళీలో కడ్డీ లేదు, తీగ లేదు, అద్దం లేదు. చెయ్యి దూర్చొచ్చు, కావాలంటే తల కూడా పెట్టొచ్చు. కానీ ఎంత బలంగా నొక్కినా ఆ బిళ్ళలు దగ్గరకి రావు, లాగితే దూరం జరగవు. ఒకదాన్ని పట్టుకుని ఎత్తితే రెండోది కూడా దాంతోపాటే లేస్తుంది. స్ట్రుగాట్‌స్కీ సోదరుల 'రోడ్‌సైడ్ పిక్నిక్' నవలలో దీన్ని 'ఎంప్టీ' అంటారు. తెలుగులో 'డొల్ల' అనుకుందాం. డొల్లల గురించి పేపర్లు రాసే సైంటిస్టులున్నారు. రాత్రిపూట పాకుతూ వెళ్ళి వాటిని ఎత్తుకొచ్చే దొంగలున్నారు. అదేమిటో తెలిసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఈ నవల 1972లో 'అవ్రోరా' అనే సోవియట్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అన్న ఆర్కాడీ జపనీస్ నుంచి అనువాదాలు చేసేవాడు, తమ్ముడు బోరిస్ ఖగోళ శాస్త్రవేత్త. ఎక్కడినుంచో ఎవరో భూమ్మీద ఆరు చోట్ల దిగి, ఎవరినీ పలకరించకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళు దిగిన చోట్లని 'జోన్' అంటారు. అడుగు తప్పితే ప్రాణం పోయే జాగాలు అవి. అందులోకి దొంగతనంగా వెళ్ళి వస్తువులు తెచ్చి అమ్ముకునేవాళ్ళు స్టాకర్లు. (ఈ మాటని కిప్లింగ్ 'స్టాకీ అండ్ కో' నుంచి తీసుకున్నామని బోరిస్ తర్వాత రాశాడు. ఆ పుస్తకం నేను చదవలేదు, చదివే ఉద్దేశమూ లేదు.) నేను చదివింది 2012లో వచ్చిన ఓల్యెనా బోర్మషెంకో ఇంగ్లీషు అనువాదం. మొదటిసారి హైదరాబాద్–గుంతకల్లు రైల్లో చదివాను. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు.

దీని గురించి రాసినవాళ్ళలో చాలామంది రెండు విషయాల దగ్గరే ఆగిపోతారు. ఒకటి తార్కోవ్‌స్కీ తీసిన 'స్టాకర్' సినిమా. రెండోది నవలలో పిల్మన్ అనే శాస్త్రవేత్త చెప్పే పోలిక: కారులో వచ్చిన కుర్రాళ్ళు అడవి పక్కన పిక్నిక్ చేసుకుని, చెత్త వదిలేసి పోతారు, పొద్దున్నే పురుగులూ పక్షులూ బయటికొచ్చి ఆ చెత్తని చూసి బెదిరిపోతాయి. గొప్ప పోలికే. కానీ ఆ చెత్తని ఒకడు ఏరాడు, ఇంకొకడు కొన్నాడు. నాకు ఈ నవల పట్టుకున్నది అక్కడ. ఇది గ్రహాంతరవాసుల కథ కంటే కూడా ఒక సరుకు కథ, ఒక బజారు కథ.

పోల్చి చూడండి. ఆర్థర్ క్లార్క్ 'రాందేవూ విత్ రామా'లో (1973) అంత పెద్ద గ్రహాంతర నౌక దొరికితే, లోపలికి వెళ్ళినవాళ్ళు మర్యాదస్తులైన అధికారులు. జేబులో చిన్న బోల్టు వేసుకుని బయట అమ్ముదామనే ఆలోచన ఒక్కడికైనా రాదు. మన ఊళ్ళో అయితే ఆ నౌక డోరు కూడా మిగిలేది కాదు. ఫ్రెడరిక్ పోల్ 'గేట్‌వే' (1977) కాస్త నయం. హీచీ అనే జాతి వదిలేసిన నౌకల్లో, ఎక్కడికి తీసుకెళ్తాయో తెలియకుండా ఎక్కి, బతికొస్తే రాయల్టీ, లేకపోతే లేదు. హీచీల సొరంగాల్లో గుట్టలుగా దొరికే 'ప్రేయర్ ఫ్యాన్'లని అందులో అలంకారపు వస్తువులుగా అమ్ముకుంటారు. ఎందుకూ పనికిరావని అందరి నమ్మకం. తర్వాతి నవలలో తేలేదేమిటంటే, అవి హీచీల పుస్తకాలు. ఒక నాగరికత లైబ్రరీని షోకేసు బొమ్మల రేటుకి అమ్మేసుకున్నారన్నమాట. ఈ ఒక్క ఊహకే పోల్‌కి దండం పెట్టొచ్చు.

స్ట్రుగాట్‌స్కీలు ఇంకా కిందికి దిగారు. వీళ్ళ హీరో రెడ్‌రిక్ షుహార్ట్ పగలు ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ అసిస్టెంటు, రాత్రి దొంగ. రెండో భాగానికి వచ్చేసరికి పెళ్ళయి, కూతురు పుట్టి, ఉద్యోగం లేక, ఒక హోటల్ గదిలో ఇద్దరు కొనుగోలుదారుల ముందు బ్యాగు విప్పుతాడు. ఆ సీన్ అచ్చం మార్కెట్ యార్డులో కాటా దగ్గర జరిగినట్టుంటుంది. డొల్లలు ఇన్ని, బ్యాటరీలు ఇన్ని, బ్రేస్‌లెట్ ఒకటి. ఆశ్చర్యాలూ అద్భుతాలూ ఏమీ లేవు, సరుకు లెక్క చూసుకోవడమే. వాళ్ళకి వేరే సరుకు కావాలి: 'మంత్రగత్తె జెల్లీ'. కాలికి తగిలితే ఎముకలు రబ్బరులా అయిపోతాయి. ముసలి స్టాకర్ బర్‌బ్రిడ్జ్ కాళ్ళు అలాగే పోయాయి. అది ఎందుకు అడుగుతున్నారో రెడ్‌కి అర్థమవుతుంది. తెచ్చాడు, కానీ ఇవ్వలేదు, దాచాడు. పోలీసులు వెంటపడి, ఇక జైలు తప్పదని తెలిశాక ఫోన్ చేసి, దాచిన చోటు చెప్పి, డబ్బు నా భార్యకి ఇవ్వండి అంటాడు. ఆ తర్వాతి భాగంలో ఆ జెల్లీ వల్ల ఒక ప్రయోగశాలలో పదులమంది చచ్చిపోయారని ఎవరో మాటల మధ్యలో అంటారు. రచయితలు దాని మీద ఇంకొక్క వాక్యం కూడా ఖర్చు పెట్టరు. రెడ్ చెడ్డవాడని గానీ, పరిస్థితులు అలా చేశాయని గానీ ఎక్కడా అనరు.

నాకు ఈ సీన్ కొత్తగా అనిపించలేదు. మా అమ్మవాళ్ళది తుగ్గలి వైపు ఒక పల్లె. కర్నూలు జిల్లా తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు: తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి, పెరవలి చేలల్లో జనం వంగి నడుస్తుంటారు. అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి కూడా వస్తారు. వాన మట్టిని కడిగేస్తే పైకి తేలే వజ్రాల కోసం. గుడి అరుగు మీద పడుకుని, అన్నం వండుకుని, నాలుగురోజులు వెతికి వెళ్ళిపోతారు. విత్తనం వేసిన చేను తొక్కుతున్నారని రైతులు బోర్డులు పెడతారు, కాపలా కాస్తారు. వజ్రకరూరు చుట్టుపక్కల ఉన్న కింబర్లైట్ గొట్టాలు భూమి లోపల నూటయాభై కిలోమీటర్లకి పైన లోతు నుంచి ఆ రాళ్ళని పైకి తెచ్చాయని జియాలజీ చెప్తుంది. అంటే అవి కూడా మన లోకానివి కావు. మనకోసం ఎవరూ పంపలేదు. ఎప్పుడో ఏదో దాటిపోతూ వదిలేసిన సరుకు.

మా చిన్నమామకి నాలుగెకరాలు. వేరుశనగ వేస్తాడు. వానొచ్చిన మొదటి పదిరోజులు అటు విత్తనమూ వేయాలి, ఇటు రాయీ వెతకాలి. రెండూ ఒకేసారి కుదరవు. ప్రతి ఏడూ ఆయన ఎటు వెళ్తాడనే దాని మీద ఇంట్లో గొడవ. ఒకసారి నిజంగానే దొరికింది. కందిగింజ కంటే కాస్త పెద్దది. రెండురోజుల్లో అమ్మేశాడు. ఆ డబ్బుతో కూతురి ఇంజినీరింగ్ మొదటి ఏడాది ఫీజు కట్టి, ఒక గేదెని కొన్నాడు. ఎంతకి అమ్మావు మామా అంటే చెప్పాడు. అసలు దాని విలువెంత అంటే నవ్వాడు.

"రేటు మనం జెప్పేది గాదప్పా. రాయి చూపిచ్చినాక వాని మొగం జూడాల. మొగంలో ఏం కనపడకపోతే మంచి రాయని అర్థం."

ఇంతకన్నా బాగా ఆ హోటల్ గది సీన్‌ని ఏ విమర్శకుడూ వివరించలేదు. దొరికినవాడికి రాయి గురించి తెలియదు, కొనేవాడి మొహం గురించి తెలుసు. ఇంకో నలుగురికి చూపిస్తే రేటు పెరుగుతుంది, కానీ నలుగురికీ తెలిస్తే పోలీసులకీ తెలుస్తుంది. ఆ భయమే దళారి లాభం. జోన్ చుట్టూ కంచె వేసి, కాల్చేస్తామని బోర్డులు పెట్టినా స్టాకర్లు ఆగలేదు. సరుకు రేటు మాత్రం ఇంకా పెరిగింది.

మామ నన్ను ఒకటి అడిగాడు. "కంప్యూటర్లు చదివినావు గదా అల్లుడూ, ఫోన్‌లో ఫోటో తీస్తే ఇది వజ్రమో గాజో చెప్పే యాప్ లేదా?" ఫోటోతో అది తేలదని చెప్పాను. "మరి మీకు అంత జీతం ఎందుకిస్తార్రా" అన్నాడు. ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు.

నవలలో 'సో-సో' అని ఒక బ్యాటరీ ఉంటుంది. ఎప్పటికీ అయిపోదు, పైగా తనలాంటివే ఇంకొన్నింటిని పుట్టిస్తుంది. దాన్ని కార్లలో పెట్టుకుని తిరుగుతుంటారు. పిల్మన్ అంటాడు, మనం దీన్ని వాడుతున్నాం సరే, కానీ దాన్ని చేసినవాళ్ళు వాడేది ఇందుకేనని ఎలా అనుకుంటాం, మైక్రోస్కోపుతో మేకులు కొడుతున్నామేమో అని. నల్లపూసల్లాంటివి ఇంకో రకం. లోపలికి వెళ్ళిన వెలుతురు ఆలస్యంగా బయటికొస్తుంది. వాటిని ఆడవాళ్ళు మెడలో వేసుకుంటారు. నా ఉద్యోగంలో నేను రోజూ చేసేది ఇదేనని నాకు అనుమానం. ఎవరో ఎప్పుడో రాసిన లైబ్రరీని తెచ్చి పెడతాం. లోపల ఏం జరుగుతుందో మా టీమ్‌లో ఎవరూ చూడరు. నడుస్తోంది కదా, నడవనీ. ఈమధ్య వచ్చిన మోడళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ బ్యాటరీ మీద రచయితలకి కోపం లేదు. తెలియకుండా వాడటానికి ఎంత తొందరగా అలవాటు పడిపోయామో చూపించి, ముందుకి వెళ్ళిపోతారు.

అలవాటు పడకముందు ఏమవుతుందో చెప్పడానికి గొయానియా ఉంది. 1987 సెప్టెంబరులో, బ్రెజిల్‌లోని ఆ నగరంలో వదిలేసిన ఒక రేడియోథెరపీ క్లినిక్‌లోకి ఇద్దరు దూరి, ఒక బరువైన పరికరం ఊడదీసి పాతసామాన్ల కొట్టుకి అమ్మారు. కొట్టు యజమానికి రాత్రి అందులోంచి నీలంగా వెలుగు కనపడింది. ఆయన దాన్ని ఇంట్లోకి తెచ్చి చుట్టాలకీ స్నేహితులకీ చూపించాడు. బియ్యపు గింజంత ముక్కలు పంచిపెట్టాడు. కొందరు మెరుపు పొడిలా ఒంటికి రాసుకున్నారు. అది సీజియం-137. నలుగురు చనిపోయారు, వాళ్ళలో ఒకరు ఆరేళ్ళ పాప. లక్షా పన్నెండు వేలమందిని పరీక్షిస్తే 249 మందికి అంటుకున్నట్టు తేలింది. 2010లో ఢిల్లీ మాయాపురిలోనూ ఇలాంటిదే: ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రంలో కోబాల్ట్-60 ఉంది, తుక్కు కొట్టులో పనిచేసే ఒకతను చనిపోయాడు. నవల గొయానియాకి పదిహేనేళ్ళ ముందుది. స్ట్రుగాట్‌స్కీలు జోస్యం చెప్పారని నేననను. పేదవాడి చేతికి అర్థంకాని వస్తువు వస్తే అది ఏ దారిన వెళ్తుందో వాళ్ళకి తెలుసు, అంతే. మొదట కొట్టుకి, తర్వాత ఇంటికి. నవలలోనూ జోన్ ఇంటికే వస్తుంది. రెడ్ కూతురు పుట్టినప్పుడే ఒంటినిండా మెత్తటి బొచ్చు, పెరిగేకొద్దీ మాట పోతుంది.

1979 నాటి సినిమాలో తార్కోవ్‌స్కీ ఈ వస్తువులన్నీ తీసేశాడు. డొల్లల్లేవు, బ్యాటరీల్లేవు, ముగ్గురు మనుషులు తడినేల మీద నడుస్తూ విశ్వాసం గురించి మాట్లాడుకుంటారు. గొప్ప సినిమా అని నేనూ ఒప్పుకుంటాను. కానీ సరుకు తీసేస్తే స్టాకర్ సన్యాసి అయిపోయాడు, రెడ్ సన్యాసి కాదు. 2007లో ఉక్రెయిన్ వాళ్ళు చేసిన 'స్టాకర్' గేమ్ దీనికి పూర్తి వ్యతిరేకం. చెర్నోబిల్ చుట్టూ తిరిగి వస్తువులు ఏరి, నడుముకి కట్టుకోవడమో, నేలమాళిగలో కూర్చున్న వ్యాపారికి అమ్మడమో. కాలేజీ రోజుల్లో నేను దాని మీద పెట్టిన గంటలకి లెక్కలేదు. కాకపోతే అందులో ప్రతి వస్తువు కిందా దాని గుణమూ, రేడియేషనూ అంకెల్లో రాసుంటాయి. అమ్మబోతే రేటు తెర మీదే కనిపిస్తుంది. మామకి గానీ రెడ్‌కి గానీ ఆ సౌకర్యం లేదు.

నవల పత్రికలో వచ్చాక పుస్తకంగా రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. రాజకీయం మీద అభ్యంతరాలుంటాయని అన్నదమ్ములు అనుకున్నారట. ప్రచురణకర్తలు పట్టుకున్నది బూతుల్నీ, తాగుడునీ, మోటు మాటల్నీ. వాళ్ళ లెక్కలో భవిష్యత్తు గురించి రాసే కథలో ఎవరూ బేరమాడకూడదు, ముక్కు చీదకూడదు.

చివరికి రెడ్ కోరికలు తీర్చే బంగారు గోళం కోసం వెళ్తాడు. దారిలో ఒక ఉచ్చు ఉంది, ఎవరో ఒకరు అందులో పడితేగాని రెండోవాడు దాటలేడు. రెడ్ బర్‌బ్రిడ్జ్ కొడుకుని వెంట తీసుకెళ్ళేది అందుకే. అందగాడు, మంచివాడు, ఇరవై దాటాయో లేదో. ఆ కుర్రాడు పోయాక గోళం ముందు నిలబడి, ఏం అడగాలో రెడ్‌కి తోచదు. ఆ కుర్రాడు చివరగా అరిచిన కోరికే తనూ అరువు తీసుకుంటాడు, అందరికీ సంతోషం కావాలని. చాలామంది దీన్ని ఆశాజనకమైన ముగింపు అంటారు. నాకు అక్కడ కూడా బిల్లే కనిపిస్తుంది: గోళం ఉచితంగా ఇస్తుందేమో గానీ, దాని దాకా వెళ్ళే దారికి టోల్ ఉంది, ఆ టోల్ కట్టినవాడు వేరే.

పోయిన దసరాకి ఊరెళ్ళినప్పుడు ఈ కథంతా మామకి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి "అయ్యో" అన్నాడు. తర్వాత కాసేపు ఆలోచించి, ఆ గోళం ఎవరి చేన్లో ఉందని అడిగాడు. పాత క్వారీలో అని చెప్పాను.

"గవర్నమెంటుదా, పట్టానా?" అన్నాడు.