ముప్పై ఒక్కరిలో ఒక్కరు

ఆడపిల్లల పెళ్లి వయసును 18 నుంచి 21కి పెంచే బిల్లు 2021 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. దాన్ని పరిశీలించాల్సిన స్థాయీ సంఘంలో సభ్యులు 31 మంది. అందులో మహిళ ఒక్కరే, సుస్మితా దేవ్. పేరులోనే మహిళలున్న సంఘం అది! చివరికి ఆ సభ రద్దవడంతో బిల్లూ మురిగిపోయింది.

చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లిచ్చే 2023 నాటి రాజ్యాంగ సవరణ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలవుతుందన్నారు. సరే. కానీ బిల్లుల్ని పంక్తి పంక్తీ చదివి, అధికారుల్ని పిలిచి నిలదీసే సంఘాల్లోకి పేర్లు పంపేది పార్టీలే. అందుకు ఏ సవరణా అక్కర్లేదు. అసలు మహిళా ఎంపీలే తక్కువ కదా అంటారు. 2019లో లోక్‌సభకు గెలిచిన మహిళలు 78 మంది, స్థాయీ సంఘాలు 24. మంత్రుల్ని తీసేసినా సంఘానికి ఇద్దరు వస్తారు, రాజ్యసభ సభ్యుల్ని లెక్కేయకుండానే. ఆడవాళ్లను ఆడవాళ్ల విషయాలకే కట్టేయడం కాదా అన్న అభ్యంతరంలో మాత్రం పస ఉంది. అందుకే ఆర్థిక, రక్షణ, హోం శాఖల సంఘాల్లోనూ వాళ్లు ఎందరున్నారో పార్టీల్ని అడగాలి. 2024లో గెలిచినవాళ్లు 74కి తగ్గారు కాబట్టి ఇప్పుడు ఇంకా గట్టిగా.