పాట వింటూ చుట్టిన మోటారు

రేడియో లేని వర్క్‌షాపు నేను పెద్దగా చూడలేదు. లేతు పట్టేవాడైనా, వడ్రంగి అయినా, పంక్చర్లు వేసే కుర్రాడైనా పొద్దున షట్టరు ఎత్తగానే ముందు తిప్పేది రేడియోనే. కాణిపాకంలో నా మోటారు వైండింగ్ షాపూ అంతే. తిరుపతి ఆకాశవాణి ఎఫ్.ఎం. 103.2 దగ్గర ముల్లు పెట్టానంటే ఇక కదిపేది లేదు. రాత్రి పనుంటే మద్రాసు వైపు నుంచి అరవ పాటలు. సరిహద్దు జిల్లావాళ్లం, మాకు ఇళయరాజా రెండు భాషల్లోనూ సొంతమే.

పాట ఉంటేనే నా చెయ్యి ఆడుతుందని అప్పట్లో గట్టిగా నమ్మేవాణ్ణి. నాకు పని నేర్పిన మేస్త్రి వైండింగ్‌కు కూర్చునే ముందు రేడియో ఆపేసేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఆయనకు పాటల మీద ఇష్టం లేదేమో అనుకున్నాను. సొంత షాపు పెట్టిన రోజే, ఇక ఎవరూ రేడియో ఆపమనరని సంబరపడ్డాను కూడా.

నేను చెప్పబోయేది 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చిన తర్వాతి సంగతి. వెయ్యి అడుగుల బోర్లు మా జిల్లాలో వింతేమీ కాదు. త్రీ ఫేజ్ కరెంటు రోజులో కొన్ని గంటలే ఉండేది. వచ్చిందంటే చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే లేచేవి, వోల్టేజి పడిపోయేది, మోటార్లు కాలేవి. ఎండాకాలంలో నా షాపు ముందు సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా పడి ఉండేవి.

సబ్‌మెర్సిబుల్ వైండింగ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఫ్యాన్ కాయిలు మిషను మీద చుట్టవచ్చు, ఎన్ని చుట్లు పడ్డాయో దాని మీదున్న మీటరే చూపిస్తుంది. నీళ్లలో మునిగి ఉండే మోటారుకు ప్లాస్టిక్ తొడుగున్న వైరు వాడతాం. దాన్ని ఒక్కో స్లాట్‌లో చేత్తో దూర్చి, అవతల లాగి, మళ్లీ ఇవతలికి తేవాలి. ఎన్నోసారి లాగామో చూపించే మీటరు ఏదీ ఉండదు, మనసులో లెక్కపెట్టుకోవాల్సిందే. మూడు ఫేజులకూ చుట్లు సమానంగా పడాలి. ఒకదానిలో తగ్గితే మూడింటిలో కరెంటు ఎగుడుదిగుడుగా పారుతుంది, వైండింగ్ వేడెక్కుతుంది, చివరికి కాలిపోతుంది.

పక్క ఊరి రైతు ఒకాయన, వరసకు మామా అని పిలిచేవాణ్ణి, కాలిన మోటారు తెచ్చాడు. టమోటా పూత మీదుంది, తొందరగా కావాలన్నాడు. ఆ సాయంత్రం రేడియోలో పాత పాటలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. నేను పాడుకుంటూనే చుట్టాను. చుట్టడం అయ్యాక తొట్టిలో పెట్టి ఆడిస్తే తిరిగింది. ఒక్క ఫేజులో ఆంపియర్లు చూశాను, మిగతా రెండూ చూడలేదు. సన్నగా గుర్రుమన్న చప్పుడేదో వచ్చే ఉంటుంది. పాటలో నా చెవిన పడలేదు.

కొద్ది రోజులకే మామ మళ్లీ వచ్చాడు. ఆటో నుంచి మోటారు దించి నా ముందు పెట్టాడు. బోరులో నుంచి ఒక్కో పైపూ విప్పుతూ దాన్ని పైకి తీసేసరికి కూలీలకే చాలా అయింది. వోల్టేజి తక్కువై కాలిందని చెప్పాను. మా పనిలో ఎప్పుడూ చేతికందే జవాబు అదే, చాలాసార్లు నిజం కూడా.

ఆయన కోప్పడలేదు. "నువ్వు సరిగ్గానే చుట్టినావా నాయనా? సామి కాడికొచ్చి ఆ మాట చెప్తావా? చెప్తే నేను నమ్ముతా" అన్నాడు.

మా ఊళ్లో ఈ మాటకున్న బరువు బయటివాళ్లకు వెంటనే తెలియకపోవచ్చు. అప్పుల తగాదాలు, దొంగతనం నిందలు, తాగుడు మానతామనే ఒట్లు ఎక్కడెక్కడి నుంచో వరసిద్ధి వినాయకుడి ముందుకు వస్తాయి. కోనేట్లో మునిగి ప్రమాణం చేస్తారు. అక్కడ అబద్ధమాడినవాడికి మంచి జరగదని మా అందరి నమ్మకం. గుడి నీడలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ నమ్మకం నాకు లేకుండా ఎలా ఉంటుంది?

"పద మామా" అందామని నోరు తెరిచాను. దొంగపని చేశానన్న ఆలోచనే నాలో లేదు, నిజంగానే సరిగ్గా చుట్టాననుకుంటున్నాను. కానీ దేవుడి ముందు చెప్పాల్సిన మాట కదా, ఒకసారి ఆ సాయంత్రాన్ని గుర్తు చేసుకోబోయాను. పాటలు గుర్తొచ్చాయి. ఏ పాట తర్వాత ఏది వచ్చిందో, మధ్యలో కరెంటు పోయి ఏ చరణం ఆగిపోయిందో వరసగా చెప్పగలను. ఏ స్లాట్‌లో ఎన్ని చుట్లు వేశానో ఒక్కటీ గుర్తు లేదు. అంకెలు ఉండాల్సిన చోట పల్లవులున్నాయి. మామ నా ముఖంలోకే చూస్తున్నాడు. ఆ కాసేపట్లో నాకు చెమట పట్టింది.

"ముందు విప్పి చూద్దాం మామా" అన్నాను. రేడియో ఆపాను. పాత వైండింగ్ తీసేటప్పుడు ఒక పక్క కోసేస్తే స్లాట్‌లోని వైర్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని పైకే లెక్కపెట్టాను. రెండు ఫేజులు సరిగ్గా ఉన్నాయి. మూడోదానిలో కొన్ని స్లాట్లలో చుట్లు తక్కువ, అదే నల్లగా మాడింది. కొత్త వైరు నేనే కొని మళ్లీ చుట్టాను, దించడానికైన కూలీ ఇచ్చాను. ఎండిన టమోటాకు మాత్రం నేను ఇవ్వగలిగిందేమీ లేకపోయింది. ఆయన అడగనూ లేదు.

పాట లెక్కను ఎలా చెడగొడుతుందో తర్వాత దొరికింది దొరికినట్టు చదివాను. అలన్ బాడ్లీ, పియరే సలామే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1989లో ఒక పరిశోధన ప్రచురించారు. కళ్లతో చూసిన అంకెలను వరసగా గుర్తుంచుకోవాల్సి వచ్చినప్పుడు, ఉత్తి వాద్య సంగీతం కన్నా మాటలున్న పాట ఎక్కువ అడ్డుపడుతుందని అందులో తేలింది. లెక్కను మనం మనసులో పలుకుతూ నిలుపుకుంటాం, పాటలోని మాట కూడా అక్కడికే వచ్చి కూర్చుంటుంది. పాత పాటలన్నీ నోటికి వచ్చిన నాలాంటివాడి సంగతి చెప్పనే అక్కర్లేదు.

అలాగని వర్క్‌షాపులో పాట తప్పని నేననను. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1940 జూన్‌లో, బి.బి.సి. ఫ్యాక్టరీ కార్మికుల కోసమే సంగీత కార్యక్రమం మొదలుపెట్టింది, అది 1967 దాకా నడిచింది. చేసిందే చేసే పనిలో విసుగు తెలియకుండా ఉండాలని దాని ఉద్దేశం. అక్కడా హద్దులున్నాయి. చప్పట్లు కొట్టించే ఒక అమెరికన్ పాట వేస్తే కార్మికులు పనిముట్లతో యంత్రాల మీద దరువు వేస్తారని దాన్ని పక్కన పెట్టారు. ఏ పనికి ఏ పాట అని వాళ్లు ఆలోచించారు. నేను ఆలోచించలేదు.

ఇప్పుడు కాలిన వైరు పీకేటప్పుడు, బోల్టులు కడిగేటప్పుడు, రంగు వేసేటప్పుడు నా షాపులో రేడియో మోగుతుంది. వైరు దూర్చేటప్పుడు ఆపేస్తాం, ఒక్కో స్లాట్ కాగానే చుట్ల లెక్క పలక మీద రాస్తాం. మోటారు ఆడించి చూసేటప్పుడు కూడా ఆపుతాం, ఎందుకంటే బేరింగు అరిగినా, ఒక ఫేజు పోయినా ముందు తెలిసేది చెవికే. నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్లు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వస్తారు. తీయమంటే ఒకప్పటి నాలాగే ముఖం పెడతారు. అందుకే నా మేస్త్రి చెప్పని కారణాన్ని వాళ్లకు మొదటి రోజే ఈ కథతో సహా చెప్తాను.

మీరు మరమ్మతుకిచ్చిన మోటారు తీసుకునేటప్పుడు ఒక్క పని చేయండి. షాపులో రేడియో ఆపించి, మీ ముందే ఆడించి, మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు చూపించమనండి. అలా అడిగినందుకు ఏ మెకానిక్కూ మీ మీద కోప్పడకూడదు.