పాల పుస్తకంలో ఎవరి పేరు?

హనుమకొండ నుంచి ఎల్కతుర్తి మీదుగా హుస్నాబాద్ పోయే దారిలో ఉంటుంది ములుకనూరు. దాని చుట్టుపక్కల ఒక ఊరి పాల కేంద్రానికి సాయంత్రం పాలు పోసే వేళకు చేరుకున్నాను. స్టీలు క్యాన్లు, మూత బిగించిన డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు వరుసలో నిలబడ్డారు. పాలు కొలిచాక ఒక చెంచాడు తీసి యంత్రంలో పెడుతున్నారు. వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం (ఎస్‌ఎన్‌ఎఫ్), లీటరు ధర చీటీ మీద వచ్చేస్తున్నాయి. చీటీని మడిచి కొంగుకు ముడేసుకునే ముందు ప్రతి ఒక్కరూ అంకెలు చూసుకున్నారు. ఒకామె నిన్నటికీ ఇవాళ్టికీ వెన్న ఎందుకు తగ్గిందని నిలదీసింది. దాణా మార్చావా, బర్రె ఎదకొచ్చిందా అని వెనకున్నవాళ్లు అడిగారు. వరుస కాసేపు ఆగిపోయినా ఎవరూ విసుక్కోలేదు.

నేను అడిగి చూసింది పాల పుస్తకం. అందులో పేర్లన్నీ ఆడవాళ్లవే. ఇదే ఊళ్లో పట్టాదారు పాసుపుస్తకాలు తెరిస్తే చాలావరకు మగవాళ్ల పేర్లే కనబడతాయి. గడ్డి కోసేది, కుడితి పెట్టేది, పేడ ఎత్తేది, పాలు పిండేది ఆడమనిషే. అయినా చాలా చోట్ల పాల బిల్లు ఇంటాయన పేరుతోనే వస్తుంది. ఇక్కడ పనీ పేరూ ఒకే మనిషివి.

పెద్ద కంపెనీలు ఇప్పుడు తమ నాయకత్వంలో ఆడవాళ్లెందరో లెక్క చెబుతున్నాయి. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బోర్డులోనూ కీలక పదవుల్లోనూ మహిళల శాతం ఎంతో 2022-23 నుంచి ఏటా సెబీ నిబంధన ప్రకారం నివేదించాలి. అది అవసరమే, నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ లెక్క పై అంతస్తులో మొదలై అక్కడే ముగుస్తుంది. సరుకు పుట్టే చోట అధికారం ఎవరిదో ఆ శాతం చెప్పదు. అది చూడాలనే ఈ ఊరికి వచ్చాను.

ములుకనూరుకు సహకారం కొత్త కాదు. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో పుట్టిన గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం దేశమంతా చెప్పుకునే సంస్థ. అది సాగు రైతుల సంఘం. భూమి ఎవరి పేరున ఉంటే సంఘం వాళ్లదే అవుతుంది. ఆడవాళ్ల దారి వేరుగా పడింది. సీడీఎఫ్ అనే హైదరాబాదు సంస్థ తోడ్పాటుతో వాళ్లు ముందు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. నెలనెలా కొద్దికొద్దిగా కూడబెట్టారు, అప్పులిచ్చారు, వసూలు చేశారు, లెక్కలు రాశారు. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే వీలిచ్చింది. 2002లో డెయిరీ మొదలైంది. ‘స్వకృషి’ పేరుతో పాలు అమ్ముతున్న ఆ డెయిరీకి సభ్యులూ ఆడవాళ్లే, పాలకవర్గమూ ఆడవాళ్లదే. నా దృష్టిలో అసలు బలం ఆ పొదుపు సంఘాల ఏళ్లలో ఉంది. బాకీ పడ్డ చుట్టాన్ని పదిమందిలో అడిగిన మనిషికి పాల ధర మీద మాట్లాడటం కష్టం కాదు.

కేంద్రం అధ్యక్షురాలు పాలు కొలవడం అయ్యాక తీరిగ్గా కూర్చుంది. పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవే అయినా, చాలా ఊళ్లలో సర్పంచి కుర్చీలో భర్తే కూర్చుంటున్నాడు కదా, ఇక్కడ ఎట్లా అని అడిగాను. “మొగోళ్లొస్తె కూసోమంటం, చాయ్ పోస్తం. మాట మాత్రం మెంబరే మాట్లాడాలె, సంతకం మెంబరే పెట్టాలె” అంది.

మరి మెంబర్లందరూ మాట్లాడతారా? ఈసారి ఆమె వెంటనే బదులివ్వలేదు. రెండెకరాల పొలం, నాలుగు బర్రెలు ఉన్న ఇంటి మనిషికీ, కూలికి పోయి వచ్చి ఒకే బర్రెను సాకే మనిషికీ సంఘంలో ఓటు ఒక్కటే. పాలెక్కువ పోసినంత మాత్రాన ఓట్లు పెరగవు. చట్టం అంతవరకు చేసింది. మీటింగు వేళ మాత్రం వాళ్లే సరిదిద్దుకోవాల్సి వచ్చింది. “ముందు పొద్దుగూకినంక పెట్టేటోళ్లం. పాలు పిండే యాళ్లకు ఒంటరి ఆడమనిషి ఎట్లొస్తది? ఇప్పుడు మధ్యాహ్నం పెడుతున్నం. కూలికి పోయేటోళ్లకు అదీ తిప్పలే” అంది. దళిత వాడల నుంచి పాలు పోసేవాళ్లు ఎందరు, పాలకవర్గంలోకి వచ్చినవాళ్లు ఎందరు అని అడిగాను. పక్కనున్నామె వేళ్ల మీద లెక్కపెట్టి, రెండో అంకె చిన్నదని ఒప్పుకుంది. అందరూ ఆడవాళ్లే అయిన చోట ఈ లెక్క మరింత అవసరం. నూటికి నూరు అనే అంకె చూసి మనం అక్కడితో ఆగిపోతాం.

ములుకనూరు ఒక్కటే కాదు, తిరుపతి కేంద్రంగా 2014లో ఏర్పడిన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీలోనూ సభ్యులంతా మహిళలే. 2024లో పారిస్‌లో దానికి అంతర్జాతీయ డెయిరీ సమాఖ్య పురస్కారం వచ్చింది. ఇన్ని పల్లెల ఆడవాళ్లు డెయిరీలను నడిపి చూపించారు. ఆడవాళ్లకు పాలు పిండటమే వచ్చుననే మాట ఇక చెల్లదు.

ఇంతలో క్యాన్లు ఎక్కించుకోవడానికి వ్యాను వచ్చింది. డ్రైవరూ సహాయకుడూ మగవాళ్లే. చీకటిలో ఊరూరూ తిరగాలి, నిండు క్యాన్లు ఎత్తాలి, పాలు విరిగిపోకముందే శీతలీకరణకు చేర్చాలి. ఈ దారి కాంట్రాక్టు ఆడవాళ్లకు ఎప్పుడైనా ఇచ్చారా అని అధ్యక్షురాలిని అడిగాను. ఎవరూ అడగలేదంది. కాసేపటికి పాల యంత్రం కడుగుతున్న అమ్మాయి వైపు తిరిగి, “ఏమే, లైసెన్సు తీసుకుంటవా? తీసుకుంటె వచ్చే మీటింగుల పెడత” అంది. ఫీజు ఎవరు కడతారని ఆ అమ్మాయి అడిగింది. సంఘం అప్పిస్తుందా, పొదుపు నుంచి తీయాలా అని ఇద్దరూ లెక్క వేయడం మొదలుపెట్టారు.