కొలంబియాలో బెండు మునిగితే...

పల్లెటూళ్లో చెరువుగట్టున గాలం వేసిన అనుభవం ఉన్నవాళ్లకి బెండు గురించి చెప్పక్కర్లేదు. నీటి మీద తేలుతూ కాపలా కాస్తుంది. అడుగున చేప ఎరని లాగిందా... బుడుంగున మునుగుతుంది. అంతే దాని పని! అలాంటి బెండుతోనే కిలోమీటరుకు పైగా వెడల్పుండే నదిలో, పది కిలోల చేపని పడతారంటే నమ్ముతారా? అమెరికా వాయవ్య మూలన కొలంబియా నది ఒడ్డుకి వెళ్తే నమ్మక తప్పదు. అక్కడ దీన్ని బాబర్ అంటారు.

పోర్ట్‌లాండ్ నగరం నుంచి నది వెంబడే తూర్పుకి బయల్దేరితే కొండలు రెండువైపులా దగ్గరకొస్తాయి. నదికి ఇటు ఒరెగాన్ రాష్ట్రం, అటు వాషింగ్టన్. అరవై అయిదు కిలోమీటర్లు వెళ్తే బోన్‌విల్ డ్యామ్. అది దాటాక ‘బ్రిడ్జ్ ఆఫ్ ద గాడ్స్’ అనే ఇనుప వంతెన మీదుగా అవతలి ఒడ్డుకి చేరి, ఇంకాస్త ముందుకెళ్తే రోడ్డు పక్కనే కనిపిస్తుంది డ్రేనో లేక్. పేరుకే సరస్సు. లిటిల్ వైట్ సాల్మన్ అనే చిన్న నది వచ్చి కొలంబియాలో కలిసే చోటది. 1938లో బోన్‌విల్ డ్యామ్ కట్టాక నీళ్లు ఎగదన్ని మడుగులా నిలిచాయి. మడుగుకీ పెద్ద నదికీ మధ్య రోడ్డూ రైలుకట్టా. వాటి కింద వంతెన దగ్గర ఉన్న సన్నటి సందే చేపలకీ పడవలకీ దారి.

సీజన్లో ఆ సందు దగ్గర పడవలు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఎర లాగుతుంటాయి. ఆ సుడికి వేటగాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘టాయిలెట్ బౌల్’! ఆ గోలంతా పడనివాళ్లు కాస్త దూరంగా బెండు వదిలి కూర్చుంటారు.

జారే బెండు

చెరువులో బెండుని దారానికి బిగించి కట్టేస్తారు. ఎర లోతు ఎంతో, బెండు నుంచి గాలానికి దూరం అంతే. మూడు నిలువుల లోతున్న నీళ్లలో అది కుదరదు. అంత పొడుగు దారం వేలాడుతుంటే గాలం విసరడమే సాధ్యం కాదు. అందుకే ఇక్కడి బెండుకి మధ్యలో బెజ్జం ఉంటుంది. దారం అందులోంచి జారిపోతుంది. ఎంత లోతు కావాలో అక్కడ దారానికి చిన్న నూలు ముడి వేస్తారు. ముడికీ బెండుకీ మధ్య ఒక పూస. విసిరేటప్పుడు బెండు కింది బరువు దగ్గరే ఉంటుంది. నీళ్లలో పడ్డాక సీసపు గుండు దారాన్ని కిందికి లాక్కుపోతుంది. ముడి వచ్చి పూసకి తగలగానే ఆగిపోతుంది. ఎర సరిగ్గా అడుగుకి కాస్త పైన, చేప తల ఎత్తున వేలాడుతుంది. ఇందులో ఉన్న తెలివంతా ఆ ముడిదే!

ఎర సాల్మన్ గుడ్లే. ఉప్పు, పంచదార, బోరాక్స్ పట్టించి, ఎర్ర రంగు అద్ది ఊరబెడతారు. ఎవరి పాళ్లు వాళ్లవి. ఆవకాయ పాళ్ల మీద జరిగినంత చర్చ వీటి మీదా జరుగుతుంది.

విసిరాక అసలు పని మొదలవుతుంది. బెండు ప్రవాహంతో సమానంగా, నిటారుగా పోవాలి. నీటి మీద పడిన దారం ముందుకి కొట్టుకుపోయి బెండుని ఈడ్చిందంటే చేప ఎర ముట్టదు. అందుకే గడ కొసతో దారాన్ని ఎత్తి వెనక్కి వేస్తుంటారు. బెండు పూర్తిగా మునిగాక వదులుగా ఉన్న దారాన్ని గబగబా చుట్టి, అప్పుడు ఎత్తాలి. తొందరపడితే గుడ్లు ఊడొస్తాయి, చేప పోతుంది.

ఇంతకీ విచిత్రమేంటంటే, సముద్రం నుంచి నదిలోకి తిరిగొచ్చిన సాల్మన్ మేత మానేస్తుంది. ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ పుట్టినచోటికి ఎదురీది, గుడ్లు పెట్టి చనిపోతుంది. మరి ఎరని ఎందుకు కొరుకుతుంది? కోపమనేవారు కొందరు, పాత అలవాటనేవారు కొందరు. స్టీల్‌హెడ్ కథ వేరు. అది సముద్రానికి వెళ్లొచ్చే రెయిన్‌బో ట్రౌట్. గుడ్లు పెట్టాక బతికి మళ్లీ సముద్రానికి వెళ్లేవీ ఉంటాయి. వేసవిలో నదిలోకొచ్చి, మరుసటి వసంతం దాకా గుడ్లే పెట్టదు. అన్ని నెలలూ నదిలోనే గడపాలి.

చల్లటి మజిలీ

చిక్కంతా ఇక్కడే ఉంది. వసంతకాలంలో డ్రేనోకి వచ్చే చినూక్ సాల్మన్లలో ఎక్కువ భాగం కాస్త ఎగువనున్న ప్రభుత్వ హేచరీలో పుట్టినవే. సొంతింటికి వస్తున్న చేపలవి. వాటిలో కొన్ని పట్టుకుంటే నష్టం లేదు. ఆగస్టులో వచ్చే స్టీల్‌హెడ్లు అలా కాదు. చాలావరకు దారిన పోయే అతిథులు. ఎక్కడో ఐడహో కొండల్లో, సముద్రానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా ఎగువన పుట్టినవీ వాటిలో ఉంటాయి. ఐడహో చేరాలంటే ఎనిమిది డ్యాములు దాటాలి. ఇక్కడికొచ్చేసరికి దాటింది ఒక్కటే. డ్యాముల వెనక నిలిచిన కొలంబియా నీరు ఆగస్టులో 20 డిగ్రీలు దాటుతుంది. చల్లనీటి చేపకి అది జ్వరం లాంటిది. 2015 వేసవిలో ఆ వేడికి సుమారు రెండున్నర లక్షల సాకై సాల్మన్లు చనిపోయాయి. డ్రేనోలోకి కొండల నుంచి దిగే నీళ్లు బాగా చల్లన. అందుకే స్టీల్‌హెడ్లు దారి తప్పి లోపలికొచ్చి సేదతీరతాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2021లో గుర్తించిన 12 ప్రధాన చల్లనీటి మజిలీల్లో ఇదొకటి. కదలకుండా గుంపుగా నిలబడ్డ చేప తల ఎత్తున ఎరని నిలిపి ఉంచడానికి బెండుని మించిన సాధనం లేదు!

వీపు మీద తోక దగ్గరుండే చిన్న కొవ్వు రెక్క కత్తిరించి ఉంటే అది హేచరీ చేప. ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే సహజంగా పుట్టింది, వదిలేయాలి. అయితే వెచ్చని నీటిలో అలిసిపోయిన చేపని వదిలినా బతుకుతుందన్న భరోసా తక్కువ. 2001లో బోన్‌విల్ దగ్గర ఆరు లక్షలు దాటిన స్టీల్‌హెడ్ల లెక్క 2021లో లక్ష కూడా చేరలేదు. దాంతో వేట ఆంక్షలు బిగిశాయి. ఒరెగాన్ వైపున హెర్మన్ క్రీక్, డెషూట్స్ లాంటి చల్లటి నదీముఖాల్లో నడివేసవి నుంచి గాలం వేయడం నిషిద్ధం. డ్రేనో ఉన్న వాషింగ్టన్ ఒడ్డున చేపల రాకని బట్టి నిబంధనలు మారుతుంటాయి.

గాలం వేసేవాళ్లకన్నా పాత హక్కుదారులు ఇక్కడున్నారు. 1855 ఒప్పందాలతో యాకమా, ఉమటిల్లా, వార్మ్‌స్ప్రింగ్స్, నెజ్‌పర్స్ తెగలు భూములిచ్చి, చేపల హక్కు ఉంచుకున్నాయి. వాళ్లు తరతరాలుగా చేతివలలతో పట్టిన సెలైలో జలపాతం 1957 మార్చి 10న ద డాల్స్ డ్యామ్ గేట్లు మూసిన కొన్ని గంటల్లోనే మునిగిపోయింది. ఎగువన 1942లో నిలిచిన గ్రాండ్ కూలీకైతే చేపల మెట్లే లేవు. పులసకి ధవళేశ్వరం అడ్డుపడినట్టే... ఇక్కడ సాల్మన్‌కి అది! డ్రేనోలో వసంతకాలపు బుధవారాలు గాలాలకి సెలవివ్వడం చాలా ఏళ్లుగా ఆనవాయితీ. ఆ రోజు తెగల వలలది.

గాలం పట్టాలంటే లైసెన్సు తప్పనిసరి. పర్యాటకులకి ఒక్కరోజుదీ ఇస్తారు. అదీ వద్దనుకుంటే బోన్‌విల్ దగ్గర ఆగితే చాలు. నీటి అడుగున అద్దాల గది ఉంది. సెప్టెంబరులో అక్కడ నిల్చుంటే చినూక్‌లు ఒకదాని తర్వాత ఒకటి మెట్లెక్కుతూ పిల్లల ముక్కు ముందు నుంచే సాగిపోతాయి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఉద్యోగులున్నారు. ఏ రోజు లెక్క ఆ రోజు బయటపెడతారు. డ్రేనోకి బయల్దేరే బెండు వేటగాళ్లు ముందుగా చూసుకునేది ఆ అంకెలే.