తపాలా బిళ్ళల ఆల్బము

వినాయకుడు తల్లిదండ్రులకు ప్రదక్షిణము చేసి భూప్రదక్షిణ ఫలము నందెనని పెద్దలు చెప్పుదురు. ఇల్లు కదలకుండ లోకమును చుట్టివచ్చు ఉపాయము మానవులకును ఒకటి దొరకినది. అదియే తపాలా బిళ్ళల సేకరణము. బిళ్ళలను కూర్చవలెనను కోరిక అనేకులకు కలుగును. కూర్చినవానిని క్రమముగా నిలుపుకొను నేర్పు కొందరికే అలవడును. నేను పాఠశాలలో పనిచేసిన కాలమున పిల్లలు బిళ్ళలను అగ్గిపెట్టెలలోను, నిఘంటువు పుటల నడుమను దాచుకొని తెచ్చెడివారు. వారందరును అడుగు ప్రశ్న ఒక్కటే: “మాస్టారూ, ఏ ఆల్బము కొనమందురు?” ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును. కాని దీనికి సమాధానము చెప్పుటకు ముందు, ఆల్బము ఎందులకో ఆలోచింపవలెను.

ప్రపంచమున మొదటి తపాలా బిళ్ళ 1840 మే 6వ తేదీన ఇంగ్లండులో వాడుకలోనికి వచ్చెను. నల్లని రంగులో విక్టోరియా రాణి ముఖము గల ఆ బిళ్ళ వెల ఒక పెన్నీ. నేడు పాకిస్తానులో నున్న సింధు ప్రాంతమున 1852లో వెలువడిన బిళ్ళ ఆసియా ఖండమునకే మొదటిది. 1862లో జస్టిన్ లాలియే అను నతడు పారిస్ నగరమున బిళ్ళలు అంటించుకొనుటకై ఒక ఆల్బమును అచ్చువేయించెను. అప్పటికి తపాలా బిళ్ళ పుట్టి ఇరువదిరెండేండ్లే. లోకమునందలి బిళ్ళలన్నియు ఒక్క పుస్తకమున ఇముడునని నాడు ఆశపడుటలో వింత లేదు. నేడో, ఒక్క సంవత్సరములో వెలువడు బిళ్ళలే వేలకొలది యుండును. వానినన్నిటిని కూర్చగలవాడు లేడు. కాబట్టి ప్రపంచ ఆల్బము అనగా ప్రపంచమంతయు పట్టు పుస్తకము కాదు. ప్రపంచమున మన చేతికి అందిన భాగమును క్రమముగా నిలుపు పుస్తకము.

ఆల్బములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది అచ్చు ఆల్బము. ఇందు దేశముల పేర్లు అక్షరక్రమమున నుండును. ప్రతి పేరు క్రింద గడులు గీయబడి, కొన్ని గడులలో బిళ్ళ బొమ్మయు ముద్రింపబడి యుండును. క్రొత్తగా అభ్యసించువానికి ఇది గురువు వంటిది. ఏ దేశము ఎచ్చట నున్నదో వెదకుకొనుట నేర్పును. కాని దీనికి లోపములు లేకపోలేదు. అచ్చువేసినవాడు తలచిన బిళ్ళ వేరు, మనకు లభించు బిళ్ళ వేరు. భూటాన్ దేశము గ్రామఫోను రికార్డు ఆకారమున కూడ బిళ్ళలను వెలువరించినది. ఏ అచ్చు గడి దానికి సరిపోవును? పుటకు రెండు వైపులను బిళ్ళలు అంటించినచో, పుస్తకము మూసినపుడు ఒకదాని పళ్ళు మరొకదానిలో చిక్కుకొని చినిగిపోవును.

రెండవది విడి పుటల ఆల్బము. ఇందు ఏ పేరును ఉండదు. మందపాటి తెల్లని పుటలను కావలసినపుడు చేర్చవచ్చును, తీయవచ్చును, స్థానము మార్చవచ్చును. పేరు వ్రాయుటయు, గడి గీయుటయు మన పనియే. శ్రమ ఎక్కువ, స్వేచ్ఛయు ఎక్కువ. మూడవది స్టాకు బుక్కు. దీని పుటలపై పారదర్శకమైన పట్టీలు అడ్డముగా నుండును. బిళ్ళలను అంటింపకుండ ఆ పట్టీల వెనుకకు జొనుపుకొనవచ్చును. రెండేసి మూడేసి చొప్పున ఉన్న బిళ్ళలకును, ఇంకను గుర్తింపని బిళ్ళలకును ఇది తగిన చోటు. ఇది కళ్ళము వంటిది గాని గాదె వంటిది కాదు.

అచ్చు ఆల్బమునకు మరియొక చిక్కు కలదు. అది అచ్చయిన దినముననే దానిలోని ప్రపంచము నిలిచిపోవును; బయటి ప్రపంచము నిలువదు. 1957లో గోల్డుకోస్టు ఘనా అయ్యెను. 1964లో టాంగన్యికా, జాంజిబారు కలిసి టాంజానియా అయ్యెను. 1971లో బంగ్లాదేశ్ అవతరించెను. 1972లో సిలోను శ్రీలంక యయ్యెను. 1991లో సోవియట్ యూనియను విడిపోయెను. 1993లో చెకోస్లోవేకియా రెండు దేశములయ్యెను. అంత దూరమేల? హైదరాబాదు సంస్థానమునకు 1869 నుండి స్వంత తపాలా బిళ్ళలుండెను. 1931లో వెలువడిన వరుసలో ఒక అణా బిళ్ళపై చార్మినారు, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్‌సాగరు కలవు. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమయ్యెను; 1950లో ఆ బిళ్ళల వాడుక అంతరించెను. నేడు ఆ రాజ్యము పటమున లేదు, ఆల్బములో నున్నది. గతించిన దేశముల పుటలను తీసివేయరాదు. వాని తరువాత వచ్చిన దేశముల పుటలను వాని ప్రక్కనే చేర్చవలెను. విడి పుటల ప్రయోజనము ఇక్కడ తెలియును.

ఈ సంగతి నాకు పుస్తకముల వలన కంటె ఒక విద్యార్థిని వలన బాగుగా తెలిసినది. అప్పుడు నేను పనిచేయు పాఠశాలలో ఒక దాత ఇచ్చిన పాత అచ్చు ఆల్బము ఉండెను. ఎనిమిదవ తరగతి చదువు ఆ బాలిక తండ్రి మస్కట్టులో కూలిపని చేయుచుండెను. ఆయన వ్రాసిన ఉత్తరముల కవరులను ముప్పదికి పైగా ఆమె దాచుకొని తెచ్చినది. ఆ దేశము ‘మస్కట్ మరియు ఓమన్’ అను పేరు విడిచి ఓమన్ అను పేరు గ్రహించినది 1970లో. మా ఆల్బము అంతకు ముందు అచ్చయినది. అందు ఓమన్ అను పేరే లేదు; మస్కట్ అను పేరు క్రింద అర వరుస గడులు మాత్రముండెను.

తోటి పిల్లలు ఆ కవరులను చూచి, “అన్నియు ఒకే బిళ్ళ గదా! ఒకటి ఉంచుకొని తక్కినవి మార్పిడి చేసికొనుము” అనిరి. ఆ బాలిక తల అడ్డముగా నూపి, “అన్నియు ఒకటి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క నెల వచ్చినది” అనెను. ఆ మాట విని నేను ఆల్బమును మూసి, చిత్రలేఖనమునకు వాడు మందపాటి కాగితములు కొన్ని తెప్పించి ఇచ్చితిని. ఆమె కవరులను నీటిలో నానబెట్టలేదు. మూలలకు కాగితపు త్రికోణములు అమర్చి, కవరులను అట్లే పుటలపై నిలిపినది. తపాలా ముద్రలోని తేదీని బట్టి వరుస కూర్చి, ప్రతి కవరు క్రింద ఒక్కొక్క పంక్తి వ్రాసికొనెను: తమ్ముడు బడిలో చేరిన నెల, అమ్మకు జ్వరము వచ్చిన నెల. ఒక పుటలో రెండు గడులు గీసి, వానిని ఖాళీగా విడిచెను. నేను కారణ మడిగితిని. “ఆ రెండు నెలలు నాన్నగారి నుండి ఉత్తరము రాలేదండి” అనెను. ఆ గడుల తరువాతి కవరు మీది తేదీ చూచినపుడు గాని, ఆ ఇంటిలో ఆ రెండు నెలలు ఎట్లు గడచినవో నాకు తోచలేదు.

మరునాడు తరగతిలో పిల్లలకు ఒక విషయము చెప్పితిని. 1864 నుండి 1947 వరకు మస్కట్టులో భారతదేశపు తపాలా కార్యాలయమే పనిచేసినది. మన బిళ్ళలనే అక్కడి ఉత్తరములపై అంటించెడివారు. అవి మన బిళ్ళలే అయినను, మస్కట్ ముద్ర ఉన్నపుడే వాని కథ తెలియును. ముద్రతో నున్న కవరును చించి, బిళ్ళను మాత్రము వేరుచేయువాడు కథను పారవేసి బొమ్మను దాచుకొనువాడు. ఆ తరువాత ఆ బాలికను మార్పిడికి ఎవ్వరును అడుగలేదు.

ఇక ఆల్బమును వాడు విధము. బిళ్ళను వ్రేళ్ళతో గాక చిన్న పట్టకారుతో పట్టుకొనవలెను. సాధారణమైన వాడిన బిళ్ళలను చల్లని నీటిలో నానబెట్టి, కాగితము ఊడిన పిమ్మట అద్దుడు కాగితముపై ఆరబెట్టవలెను. రంగు కవరుల ముక్కలను వేరుగా నానబెట్టవలెను. లేనిచో రంగు దిగి తక్కినవానికి అంటును. ఇప్పటి స్వయముగా అంటుకొను బిళ్ళలు పెక్కు నీటిలో ఊడవు. వానిని కొంత కాగితముతో సహా కత్తిరించి ఉంచుటయే మేలు. ఆల్బమున అంటించుటకు జిగురు గాని, అన్నపు మెతుకులు గాని, అంటుకొను టేపు గాని వాడరాదు. మడతపెట్టిన సన్నని జిగురు పట్టీలు ఇందుకై అమ్ముదురు. మడతలో చిన్న భాగమును బిళ్ళ వీపు పైభాగమునకును, పెద్ద భాగమును పుటకును అంటింపవలెను. వాడని బిళ్ళల వెనుక జిగురు చెడకుండ పారదర్శకపు తొడుగులు వాడుట మంచిది. పీ.వీ.సీ. అను ప్లాస్టిక్కుతో చేసిన చవుక తొడుగులు కాలక్రమమున బిళ్ళలను చెరచును. ఆల్బమును పరుండబెట్టి బరువు పెట్టక, నిలువుగా నుంచవలెను. వానకాలమున తడి గోడకు దూరముగా నుంచి, అప్పుడప్పుడు పుటలు త్రిప్పి గాలి తగులనీయవలెను.

దేశము పేరు వ్రాయునపుడు మరియొక ఆనందము కలదు. స్విట్జర్లాండు బిళ్ళపై హెల్వేషియా అనియు, హంగరీ బిళ్ళపై మాగ్యార్ అనియు, ఫిన్లాండు బిళ్ళపై సువోమి అనియు ఉండును. బ్రిటను బిళ్ళపై దేశము పేరే ఉండదు. రాజు ముఖమో రాణి ముఖమో ఉండును. ఊరివారు పిలుచు పేరు వేరు, ఇంటిలో పిలుచు పేరు వేరు అయినట్లు, దేశములకును రెండేసి పేర్లుండును. పుట తలపై రెండు పేర్లును వ్రాసికొనుడు.

బాలబాలికలారా! ఏ ఆల్బము కొనవలెనని నన్నడిగినచో, మొదట ఒక స్టాకు బుక్కును, కొన్ని విడి పుటలను కొనుడని చెప్పుదును. అచ్చు ఆల్బము లభించినచో దానిని దారి చూపు పటముగా వాడుకొనుడు, సంకెలగా చేసికొనకుడు. గడి లేదని బిళ్ళను పారవేయకుడు, పుటను చేర్చుడు. గడులు నిండలేదని సిగ్గుపడకుడు. నిండిన గడి మనకు అందినదానిని తెలుపును. ఖాళీ గడి ఇంకను రావలసినదానిని తెలుపును. రెండింటిని నిజాయితీగా చూపు ఆల్బమే మంచి ఆల్బము.